పల్లెపాలెం జనాభా నూట పద్నాలుగు

వేములగరువు యూనియన్ గుమస్తా పల్లంరాజుకి మంచినీళ్ళు తాగేటప్పుడు పొలమారే జబ్బు ఒకటి ఉండేది. చెంబెత్తి రెండు గుక్కలు మింగేసరికి దగ్గు తెర ముంచుకొచ్చి కళ్ళవెంట నీళ్ళు కారేవి. భార్య మహాలక్ష్మమ్మ నడినెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారు అనేది. అందరి ఇళ్ళలో ఆడవాళ్ళూ అనే మాటే. పల్లంరాజు ముఖం మాత్రం ఆ మాటకి మాడిపోయేది. తనను తలుచుకునేవాళ్ళు ఎవరో అతనికి పేర్లతో సహా తెలుసు.

పల్లంరాజుది రైతు కుటుంబం. మొగల్తూరుకి రెండు కోసుల దూరంలో, సముద్రం వైపు ఉంటుంది వేములగరువు. తండ్రి ఉన్న నాలుగెకరాల్లో మూడు పోగొట్టుకుని, మిగిలిన ఎకరాన్నీ కొడుకునీ చూసుకుని నిట్టూర్చి పోయాడు. కొడుకు వీధిబడిలో చదివి ముత్యాల్లాంటి అక్షరాలు రాయడం నేర్చాడు. ఆ అక్షరాలే అతనికి అన్నం పెట్టాయి. ఆ రోజుల్లోనే ఊళ్ళకి కొత్తగా యూనియన్లు వచ్చాయి. ఊరివాళ్ళే ఇంటిపన్ను వేసుకుని, ఆ డబ్బుతో ఊరివాళ్ళే దీపాలూ నూతులూ చూసుకోవాలని ప్రభుత్వం వారి ఏర్పాటు. ఊళ్ళోకెల్లా పెద్ద భూస్వామి జగన్నాథరావు గారు చైర్మన్ అయ్యారు. పల్లంరాజు నెలకి ఎనిమిది రూపాయలకి గుమస్తా అయ్యాడు. మొదటి ఏడాది పన్ను అరిటాకు మీద వడ్డించిన పచ్చడంత వసూలైంది. దానితో రెండు వీధిదీపాలు నిలబెట్టారు. రెండూ చైర్మన్ గారి వీధిలోనే వెలిగాయి. అదేమని అడిగేవాడు లేడు, అడిగితే పన్ను బాకీ గుర్తుకొస్తుంది మరి.

వేములగరువుకి ఒక పల్లెపాలెం ఉంది. ఊరికి తూర్పున రెండు మైళ్ళు, ఉప్పుటేటి గట్టున, తాటాకు గుడిసెలు. చేపలు పట్టుకుని బతికేవాళ్ళు. యూనియన్ హద్దుల్లోనే ఉన్నారు కాబట్టి పన్ను వాళ్ళకీ ఉంది. దీపం మాత్రం లేదు.

పద్దెనిమిది వందల తొంభై ఒకటో సంవత్సరం మాఘమాసంలో జనాభా లెక్కలు వచ్చాయి. ఇంటింటికీ వెళ్ళి, గోడమీద జేగురుతో నంబరు వేసి, లోపల ఎంతమంది ఉన్నారో, పేరేమిటో, వయసెంతో రాయాలి. ఊరూ పల్లెపాలెమూ రెండూ పల్లంరాజు వంతుకే వచ్చాయి. ఊళ్ళో పని నాలుగు రోజుల్లో చక్కబెట్టాడు. ఐదో రోజు పొద్దున్నే చాకింటి మడత పంచె కట్టుకుని, గొడుగు వేసుకుని పల్లెపాలెం బయలుదేరాడు. ఆ మధ్యాహ్నమే చైర్మన్ గారింట్లో మనవడికి అన్నప్రాశన. గుమస్తాకీ ఓ విస్తరి ఉందని కబురు వచ్చింది. అంతటి ఇంట్లో విస్తరి దొరకడం అతనికి అదే మొదటిసారి.

పాలెం అల్లంత దూరంలో ఉండగానే ఎండుచేపల వాసన కొట్టింది. ఇసకలో పరిచిన చేపలూ, వాటిమీద కాకులూ, కాకుల్ని తోలే పిల్లలూ. పల్లంరాజు కాలవ గట్టు దిగలేదు. ఈ కంపు పంచెకి పట్టుకుంటే పంక్తిలో పక్కన కూర్చున్నవాళ్ళు ఏమనుకుంటారో అనిపించింది. పులస పులుసంటే చెవి కోసుకునే మనిషి, ఆ చేప పట్టేవాడి గుమ్మం తొక్కడానికి మాత్రం ముక్కు మూసుకున్నాడు. గట్టుమీదే నిలబడి, పాలెం పెద్ద సత్తియ్యని పిలిపించాడు.

సత్తియ్యకి అప్పటికి యాభై ఏళ్ళు దాటాయి. తలపాగా తీసి చంకలో పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మీ పాలెంలో ఎంతమంది ఉంటారని పల్లంరాజు అడిగాడు. సత్తియ్య తలపాగా ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. తలలు లెక్కపెట్టేది తలపన్ను వెయ్యడానికేనని ఆ వారమంతా పాలెంలో అదే మాట. పైగా పల్లెవాళ్ళ లెక్కే వేరు. అలివి వల అని ఒకటుంది. దాన్ని పడవ మీద తీసుకెళ్ళి నీళ్ళలో చుట్టూ వదిలి, రెండు కొసలూ గట్టుమీదనుంచి మగవాళ్ళు బారులు తీరి లాగుతారు. పడ్డ చేపని లాగిన చేతులకి వాటాలు వేస్తారు. పాలెంలో ఎవరు ఎంతమంది అని అడిగితే వాళ్ళ నోట వాటాల లెక్కే వస్తుంది. ఆడవాళ్ళకీ పిల్లలకీ ముసలివాళ్ళకీ వాటా ఉండదు.

"మూడు వలలండి. వలకి ఇరవై ఎనిమిది," అన్నాడు సత్తియ్య చివరికి.

మూడిరవై ఎనిమిదులు ఎనభై నాలుగు. అది వాటాల లెక్క అని పల్లంరాజుకి తెలుసు. తెలియకపోవడానికి అతనేమీ దొర కాదు, ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు. చిన్నప్పుడు తండ్రి వేలు పట్టుకుని ఆ గట్టుమీదే నిలబడి వాటాలు వెయ్యడం ఎన్నోసార్లు చూశాడు. ఎదురుగా కాకుల్ని తోలుతున్న పిల్లలే పాతికమందికి తక్కువ లేరు. అయినా సత్తియ్య చేత మగవాళ్ళ పేర్లు చెప్పించుకుని ఎనభై నాలుగు రాసుకున్నాడు. ఉత్త మగవాళ్ళే అయితే పైవాళ్ళు అడుగుతారని ఆడవాళ్ళకీ పిల్లలకీ కలిపి ఓ ముప్పై తనే వేశాడు. ఏటిమీద వెళ్తున్న పడవలు చూస్తూ ముప్పై పేర్లు కల్పించాడు. కాకి లెక్కలంటే ఇవే. మొత్తం నూట పద్నాలుగు. గంటలో పని అయిపోయింది. విస్తరి వేళకి చైర్మన్ గారింట్లో ఉన్నాడు. బూరెలు బాగున్నాయని ఇంటికొచ్చి మహాలక్ష్మమ్మకి చెప్పాడు కూడా.

మరుసటి ఏడు యూనియన్‌కి నూతుల కోసం పైనుంచి కొంత సొమ్ము వచ్చింది. ఉన్న సొమ్ము తక్కువ, అడిగే పేటలు ఎక్కువ. అందుకని రెండు వందల జనాభా ఉన్న పేటకే నుయ్యి అని యూనియన్ పంచాయతీవారు తీర్మానం చేసుకున్నారు. ఆ తీర్మానాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో పుస్తకంలో ఎక్కించింది పల్లంరాజే.

నెల తిరక్కుండా సత్తియ్య యూనియన్ కచేరీకి వచ్చాడు. పాలెంలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళు. మంచినీళ్ళకి కాలవే గతి. ఏటా ఎండాకాలం కాలవ కట్టేస్తే, అడుగున మడుగుల్లో నిలిచిన నీళ్ళే తోడుకుని తాగాలి. ఊరి నూతికి పోదామంటే రెండు మైళ్ళు, పోయినా ఎవరో దయదలిచి తోడి పోస్తేగాని కడవ నిండదు. పాలెం వెనక ఇసకదిబ్బ మీద లోతుగా ఇటుక నుయ్యి కడితే తియ్యని నీళ్ళు పడతాయని పెద్దలు చెప్పేవారు. అది కట్టించమని సత్తియ్య దణ్ణం పెట్టి అడిగాడు.

జగన్నాథరావు గారు జనాభా కాగితం తెప్పించుకుని చూశారు.

"నూట పద్నాలుగు మందికి నుయ్యి ఎలా ఇస్తారయ్యా?"

సత్తియ్య తెల్లబోయాడు. తాము రెండు వందల నలభై దాకా ఉంటామని చెప్పాడు. అయితే ఆనాడు తగ్గించి చెప్పావా అని చైర్మన్ గారు అడిగారు. సర్కారుకి అబద్ధం లెక్క చెబితే శిక్ష ఉంటుందని కూడా అన్నారు. సత్తియ్య మెల్లగా తల తిప్పి పల్లంరాజు వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. మీరైనా ఒక మాట చెప్పండి బాబూ అని అడిగే చూపు అది.

పల్లంరాజు కాగితంలోకి చూస్తూ కూర్చున్నాడు. కలం పాళీ సిరాలో ముంచాడు, తీశాడు, మళ్ళీ ముంచాడు. తప్పు నాదండి అంటే ఎనిమిది రూపాయలు పోతాయి. తప్పుడు లెక్క రాసినందుకు శిక్ష ఎవరికి పడుతుందో కూడా అతనికి బాగా తెలుసు. రెండు మాటలు. అవి గొంతుదాకా వచ్చి ఆగిపోయాయి. నుయ్యి ఇవ్వడానికి వీలు లేదని చైర్మన్ గారు చెప్పారు, పల్లంరాజు రాశాడు. సత్తియ్య తలపాగా చంకలో పెట్టుకునే బయటికి వెళ్ళిపోయాడు.

తొంభై మూడు చైత్రంలో కాలవ కట్టేశారు. పదిహేను రోజులకి పల్లెపాలెంలో వాంతిభేదులు తగిలాయి. పొద్దున్న వల లాగినవాడు సాయంత్రానికి లేడు. నెలలోపల నలభై ముగ్గురు పోయారు. సత్తియ్య మనవరాలు పెద్దింట్లమ్మ పోయింది. ఆరేళ్ళ పిల్ల, ఆ రోజు గట్టు కింద కాకుల్ని తోలినవాళ్ళలో ఒకతె.

చావుల పట్టీ పైకి పంపాలి. నలభై మూడు అని పల్లంరాజు రాసి తెచ్చాడు. జగన్నాథరావు గారు ఆ అంకె చూసి పట్టీ పక్కన పెట్టారు. నూట పద్నాలుగు మందిలో నలభై ముగ్గురు పోయారంటే దొరలు గుర్రాలేసుకుని దిగుతారనీ, నుయ్యి ఎందుకు ఇవ్వలేదని అడుగుతారనీ అన్నారు. ఆ జనాభాకి తగ్గట్టు రాయమన్నారు. పల్లంరాజు జనాభా పుస్తకంలో పేర్లున్నవాళ్ళని మాత్రం ఉంచి, పంతొమ్మిది రాశాడు. నేను ఆనాటి పల్లంరాజుని ఎంత వెనకేసుకొద్దామన్నా ఇక్కడ నాకు మాట రాదు. ఇరవై నలుగురు మనుషులు బతికుండగా ఏ కాగితం మీదా లేరు, చచ్చాక కూడా లేకుండా పోయారు. వాళ్ళని రెండుసార్లూ చెరిపింది ఒక్క చెయ్యే.

నీళ్ళు పొలమారడం ఆ వేసవిలోనే మొదలైంది.

ఆ తరవాత ఎనిమిదేళ్ళు పల్లంరాజు మంచి గుమస్తా అనిపించుకున్నాడు. జీతం పదకొండు అయింది. ఇంట్లో పిల్లలు పుట్టారు. సిగ్గుపడుతున్న మనిషి బయటికి ఎలా ఉంటాడో అలాగే ఉండేవాడు, అంటే మామూలుగానే. కాకపోతే సంతలో పల్లెపాలెం ఆడవాళ్ళు చేపల గంపలతో ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరైనా జనాభా అన్న మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. చేప తినడం మానేశాడు. ఒంటికి పడటం లేదని భార్యకి చెప్పాడు.

పంతొమ్మిది వందల ఒకటిలో మళ్ళీ లెక్కలు వచ్చాయి. ఈసారి పల్లంరాజు ఊరి పని పక్కన పెట్టి, ముందు పల్లెపాలెం వెళ్ళాడు. గట్టు దిగాడు. గుడిసె గుడిసెకీ వంగి లోపలికి వెళ్ళాడు. తాటాకు దడులకి జేగురు అంటదని, ఒక్కొక్క నంబరూ చెక్కమీద రాసి గుమ్మానికి కట్టాడు. చంటిపిల్లల్ని ఉయ్యాలల్లోంచి దించి చూపించమని అడిగి మరీ రాశాడు. రెండు రోజులు పట్టింది. పంచె నిండా చేపల వాసన పట్టింది, దులుపుకోలేదు.

చివరి గుడిసె సత్తియ్యది. ముసలివాడైపోయాడు, వల లాగడం మానేశాడు. కోడలు లోవలక్ష్మి, అంటే చనిపోయిన పెద్దింట్లమ్మ తల్లి, పీట వేసింది. పేర్లన్నీ రాయడం అయ్యాక సత్తియ్య గొంతు తగ్గించి, కోడలికి వినబడకుండా మాట్లాడాడు.

"ఆనాడు మీకు వాటాల లెక్క చెప్పానండి, పన్నుకి భయపడి. మీరు నమ్మి రాసుకున్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటితో నేనే ఊరిని చంపుకున్నానండి."

ఎనిమిదేళ్ళుగా పాలెంలో ఆ ముసలివాణ్ణి ఎవరూ పెద్దరికానికి పిలవడం లేదట. పెళ్ళిళ్ళలో తాంబూలం మొదట అతనికి ఇవ్వడం మానేశారట. సొంత కోడలే అన్నం పెట్టి అవతలికి వెళ్ళిపోతుందిగాని మాట్లాడదట. వాళ్ళని తప్పు పట్టడానికి లేదండి అన్నాడు సత్తియ్య.

పల్లంరాజు జనాభా పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తన పాపం తన దగ్గరే ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అది మోస్తున్నవాడు ఇక్కడ ఇంకొకడున్నాడు. అది వాటాల లెక్కని నాకు తెలుసు సత్తియ్యా, తెలిసే రాశాను, అనాలి. కచేరీలో ఆగిపోయిన ఆ మాటలే మళ్ళీ గొంతుదాకా వచ్చాయి. మళ్ళీ అక్కడే ఆగాయి. ఊరుకో, జరిగిందేదో జరిగింది అన్నాడు. ఆ మాట అన్నందుకు ఇంటికి వెళ్ళేదాకా తనని తాను తిట్టుకున్నాడు.

ఇంటికొచ్చి కూడి చూస్తే పాలెం మొత్తం నూట ఎనభై ఎనిమిది వచ్చింది. చచ్చినవాళ్ళు చావగా, కొన్ని కుటుంబాలు నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ వెళ్ళిపోయాయి. నిజం లెక్క రాస్తే నుయ్యికి పన్నెండుమంది తక్కువ. పల్లంరాజు మళ్ళీ కూడాడు, అంతే వచ్చింది. తరవాత చావుల పట్టీలోని పంతొమ్మిదిలో చేరని ఆ ఇరవై నలుగురిలోంచి పన్నెండు పేర్లు రాశాడు. బతికుంటే ఇప్పటికి ఎంత వయసుండేదో అంత వయసూ వేశాడు. మొదటి పేరు పెద్దింట్లమ్మ, పద్నాలుగేళ్ళు. ధైర్యం చాలని మనిషికి కలం ఒక్కటే దారి. నోటితో చెప్పవలసింది చేత్తో రాసి, అప్పు తీరిందనుకున్నాడు.

రెండేళ్ళకి నుయ్యి వచ్చింది. ఇసకదిబ్బ మీద ఇటుకలతో కట్టారు, నీళ్ళు నిజంగానే తియ్యగా పడ్డాయి. తొలి కడవ తోడే రోజున జగన్నాథరావు గారు బండిమీద వచ్చి, యూనియన్ పల్లెపాలేనికి చేసిన మేలు గురించి నాలుగు మాటలు చెప్పారు. పాలెమంతా నూతి చుట్టూ నిలబడింది. సత్తియ్య అందరికీ వెనక, ఒక పక్కగా నిలబడ్డాడు. ఆ రోజు కూడా అతన్ని ముందుకు రమ్మని ఎవరూ అనలేదు.

లోవలక్ష్మి కొత్త కడవలో నీళ్ళు తోడింది. చెంబులో వంచి, చైర్మన్ గారిని దాటుకుని తిన్నగా పల్లంరాజు దగ్గరికి వచ్చింది.

"తొలి నీళ్ళు మీరే తాగాలండి. మా మావ ఆనాడు తప్పు లెక్క చెప్పి మమ్మల్ని ముంచాడు. మీరు గుడిసె గుడిసెకీ తిరిగి సరిచేశారు."

అందరూ అవునన్నట్టు తలలూపారు. సత్తియ్య కూడా ఊపాడు.

పల్లంరాజు చెంబు అందుకుని ఒక గుక్క తాగాడు. పొలమారింది. దగ్గు ఆగక వంగిపోయాడు. ఎవరో తలుచుకుంటున్నారండి అని లోవలక్ష్మి నవ్వింది. ఎన్నో ఏళ్ళకి ఆమె నవ్విందని పక్కనున్నవాళ్ళు తరవాత చెప్పుకున్నారు. ఆ నవ్వు చూసి పల్లంరాజు తట్టుకోలేకపోయాడు.

"తప్పు మీ మావది కాదమ్మా, నాది. అది వాటాల లెక్కని నాకు ఆ రోజే తెలుసు. గట్టు దిగితే పంచె పాడవుతుందని, తెలిసే రాశాను," అన్నాడు.

చైర్మన్ గారు ఏదో అనబోయి బండి వైపు నడిచారు. పల్లంరాజు ఉద్యోగం ఊడింది ఆ సాయంత్రమే. కాని అప్పుడు అక్కడ ఎవరూ ఆయన వైపు చూడలేదు. సత్తియ్య జనాన్ని తప్పించుకుంటూ ముందుకి వచ్చాడు.

"అయితే మా పెద్దింట్లమ్మ నా నోటివల్ల పోలేదాండి?"

"లేదు," అన్నాడు పల్లంరాజు.

సత్తియ్య నూతి గట్టుమీద కూలబడ్డాడు. తలపాగా ముఖానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలాగా ఏడ్చాడు. పల్లంరాజు చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. లోవలక్ష్మి అతని ముఖంలోకి చూడలేదు. చేతిలోంచి చెంబు తీసుకుంది, మిగిలిన నీళ్ళు పారబోసి, కడవలోంచి మళ్ళీ నింపింది. తీసుకెళ్ళి మావ దగ్గర కూర్చుని, తాగించింది.